మా వదిన సీసాల గది

మొన్న మధ్యాహ్నం మా అపార్టుమెంట్లో కింది అంతస్తు అమ్మాయి ఒక ఆకుపచ్చ గాజుగిన్నె పట్టుకుని పైకొచ్చింది. భీమిలి వెళ్ళే దారిలో ఎవరో పాత ఓడల సామాను అమ్ముతుంటే ముచ్చటపడి కొన్నదట. తాతల కాలం నాటిదని అమ్మినవాడు చెప్పాడట. మీకివి తెలుస్తాయటగా ఆంటీ, ఒకసారి చూడరూ అంది. నేను వంకాయలు తరుగుతున్నాను. చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, గిన్నెని రెండు చేతులా అందుకుని, అంచు మీద గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాను. తర్వాత బోర్లించి అడుగంతా బొటనవేలితో తడిమాను. పక్కన పైనుంచి కిందికి సన్నటి అచ్చుగీత ఉంది. అడుగున గీతలన్నీ ఒకే వైపు పోతున్నాయి. నిజంగా పాత వస్తువైతే దాన్ని ఎందరో ఎన్నో బల్లల మీద పెట్టి తీసి ఉంటారు కనుక ఆ గీతలు తలో దిక్కుకీ పోతాయి. ఇలా ఒకే వరసలో ఉన్నాయంటే ఎవరో తీరిగ్గా కూర్చుని గరుకు కాగితంతో రుద్దారన్నమాట. ఆ సంగతే చెప్పి, అయినా చక్కగా ఉందమ్మా, పెరుగు తోడుపెట్టుకో అన్నాను. ఆ పిల్ల కాస్త చిన్నబుచ్చుకుని, అంతలోనే తేరుకుని, ఇవన్నీ మీకెవరు నేర్పారని అడిగింది. మా వదిన అన్నాను. ఆమె వెళ్ళాక మళ్ళీ కత్తిపీట ముందు కూర్చోబోతూ చూసుకుంటే, పైటకొంగు నడుం చుట్టూ బిగించి దోపుకుని ఉంది. ఎప్పుడు దోపుకున్నానో నాకే తెలీదు. గుమ్మంలో గాజు కనబడగానే చేతులు వాటి పని అవి చేసేసుకున్నాయి.

వదిన అంటే మా ఆయనకి అక్క. మా అత్తగారు చిన్న వయసులోనే పోతే, బడి మానేసి ఇంటి పెత్తనం నెత్తిన వేసుకుని, తమ్ముణ్ణి చంక దించకుండా పెంచిన మనిషి. తనకి పెళ్ళెందుకు కాలేదో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కొత్తకోడలు అడగదగ్గ ప్రశ్న కాదు గనక నేనూ అడగలేదు. మా పుట్టిల్లు ఇప్పుడు మేముంటున్న ఈ పెందుర్తికి అవతల ఒక పల్లె. ఇప్పుడక్కడ పొలాలు పోయి కాలనీలు లేచాయి గానీ, అప్పట్లో మా ఇంటికి తలుపులున్నాయన్న మాటే తప్ప పగలు వాటిని వేసిన గుర్తు లేదు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు నా మొహం చూశాడో లేదో గానీ, వదిన మాత్రం కాఫీ గ్లాసులు తెచ్చిన నా చేతులనే చూస్తూ కూర్చుంది. ఎందుకు చూసిందో చాలాకాలం తర్వాత తనే చెప్పింది. "స్టీలు గ్లాసైనా సప్పుడవకుండా పెట్టినావు. ఈ పిల్ల మా ఇంట్లో ఉండగలదని అప్పుడే అనుకున్నాను." నా చదువూ కాదు, నా వంటా కాదు, గ్లాసు చప్పుడు కాకపోవడమే నా తలరాత రాసింది. నిజానికి ఆ రోజు మా నాయనమ్మ జ్వరంతో పక్కగదిలో పడుకుని ఉంది. లేస్తుందేమోనని మెల్లిగా పెట్టాను, అంతే.

అత్తవారిల్లు వన్‌టౌన్‌లో, కొండవాలు మీద మెట్లెక్కి వెళ్ళే ఒక వీధిలో ఉండేది. ముందుగది ఒక్కదానికే శ్లాబు. వెనక హాలుకీ పడకగదులకీ వంటింటికీ పెంకుల కప్పు. ఆ ముందుగది పేరు సీసాల గది. దానికి హాల్లోకి ఒక్కటే తలుపు. గోడల పొడుగునా టేకు బీరువాలు, వాటి నిండా గాజు. గ్లాసులు, గిన్నెలు, జగ్గులు, సారా పోసుకునే మూత సీసాలు, దీపం చిమ్నీలు, నీలం రంగువి, తేనె రంగువి, అసలు రంగే లేనివి. బీరువాల్లో పట్టనివి హాల్లోకీ, హాల్లో పట్టనివి మా పడకగది కిటికీ గూట్లోకీ వచ్చాయి. ఆ ఇంట్లో పరుగెత్తకూడదు. కొంగు వదులుగా ఉంచకూడదు. తలుపు దభాలున వెయ్యకూడదు. మా ఆయనకి తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని వీధి అరుగు మీదికి పరిగెత్తేవాడు, అదొక్కటే ఆ ఇంట్లో అనుమతించిన పరుగు. చుట్టాలొస్తే వదిన ముందు వాళ్ళ మోచేతులు చూసేది. చేతులు ఊపుతూ మాట్లాడే మా చిన్నాన్నని ఎప్పుడూ గోడ మూలన, ఏ బీరువాకీ అందనంత దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టేది. ఆయన పాపం అది మర్యాద అనుకున్నాడు. పోర్టులో పెద్ద ఓడ కూత పెడితే ఇంట్లో గాజంతా సన్నగా వణికేది. వదిన వంటింట్లోంచే చెవి రిక్కించి, మూడో బీరువా రెండో అర, ఏదో ఒకటి పక్కదానికి తగులుతోంది, చూడమ్మా అనేది. వెళ్ళి చూస్తే నిజంగానే తగులుతూ ఉండేవి.

ఈ గాజు పిచ్చి ఎక్కడ మొదలైందంటే మా మావగారి మందుల కొట్లో. నేను ఆయన్ని చూడలేదు. కొట్టు మూసేశాక అందులోని పాత సీసాలు ఇంటికొచ్చాయి. వాటిలో ముదురు నీలం సీసాలు కొన్ని, ఒళ్ళంతా నిలువు గాట్లతో ఉండేవి. అవి విషం మందులవట. చీకట్లో తడిమినా చేతికి గాట్లు తగిలి ఇది తాగేది కాదని తెలియాలని అలా చేసేవారట. తర్వాత వన్‌టౌన్‌లో పాత బంగళాలవాళ్ళు, రైల్వేలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్ళు ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతూ వదిలించుకున్నవి వచ్చి చేరాయి. ఇంకొన్ని చేపల బుట్టలో వచ్చాయి. మా ఇంటికి వాడుకగా చేపలు తెచ్చే ఒక జాలరామె ఉండేది. వలలో పాత సీసా పడితే అరుగు మీద బుట్ట దించి, కింద నుంచి తీసి ఇచ్చేది. అక్కని అప్ప అనడం అక్కడి వాడుక. "అప్పా, నీ కోసరమే ఉంచినాను. మా ఆయన సముద్రంలోకి ఇసిరీమన్నాడు. నాను కొంగులో దాసీసినాను" అనేది. ఉప్పునీళ్ళలో ఎన్నాళ్ళు పడుకున్నాయో, ఆ సీసాల ఒంటి మీద నెమలి కంఠం లాంటి రంగులు పొరలు కట్టి ఉండేవి. వాటిని గోటితో గీకకూడదు, గీకితే రంగు రాలిపోతుంది. వాటికి పట్టిన నీచువాసన వదలడానికి వారాలు పట్టేది. ఆ వారాలన్నీ అవి మా పడకగది గూట్లో ఉండేవి.

చదువు లేదు గానీ, వదిన గాజుని చదవగలదు. నాకూ నేర్పింది, నేను అడక్కపోయినా. ఊదిన గాజుకి బొడ్డు ఉంటుంది. ఊదేవాడు కడ్డీ నుంచి దాన్ని విరిచి విడదీసిన చోట అడుగున ఒక మచ్చ మిగులుతుంది, దాన్ని తను బొడ్డు అనేది. పోతపోసినదానికి బొడ్డుండదు, అచ్చుగీత ఉంటుంది. చెక్కిన పువ్వుల అంచులు వేలికి కోసుకున్నట్టు తగులుతాయి, అచ్చులో వచ్చిన పువ్వుల అంచులు అరిగిన సబ్బులా జారిపోతాయి. సీసం కలిసిన గాజుని మీటితే ఖంగుమని ఆ మోత సాగుతూనే ఉంటుంది, మామూలుది టక్కుమని ఊరుకుంటుంది. మా పెళ్ళిలో చదివింపుల కింద వచ్చిన లెమన్ సెట్లన్నీ వరసగా బోర్లించి చూసి, అన్నీ మొన్నటి సరుకే అని పక్కన పెట్టించింది. మా మేనమామ ఇచ్చినదాన్ని మీటి, ఇది మరీ నిన్నటిది అంది. ఒకసారి మాత్రం పట్టపగలు నన్ను సీసాల గదిలోకి పిలిచి, తలుపు మూసి, కొట్లలో దొంగనోట్లు పట్టుకునే నీలం లైటు ఒకటి వెలిగించింది. అంతవరకూ లేత పసుపుగా, పాలిపోయినట్టు ఉన్న ఒక చిన్న గిన్నె ఆ వెలుగులో నిలువునా పచ్చగా మండింది, పిల్లలు సీసాలో పట్టిన మిణుగురు పురుగులన్నీ ఒక్కసారి వెలిగినట్టు. అలాంటి గాజులో పూర్వం యురేనియం కలిపేవారట. నేను చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ వెయ్యమన్నాను. తనూ విసుక్కోకుండా వేసింది. ఆ ఇంట్లో నేను నోరారా నవ్విన రోజుల్లో అదొకటి.

మిగతా రోజులు కడగడంలో పోయాయి. గాలి పోర్టు వైపునుంచి తిరిగిందంటే బొగ్గు, ఇనుప ఖనిజం కలిసిన నల్లటి దుమ్ము ఊరంతటి మీదా పడేది. ఆరేసిన బట్టల మీద, మజ్జిగ మీద, చంటిపిల్ల బుగ్గల మీద కూడా. గాజు మీద పడితే పొద్దున్న తుడిచినది సాయంత్రానికి మసకేసేది. తొట్టి అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఒక్కొక్కటే, ఒక్కొక్కటే కడగాలి. రెండు కలిపి పట్టుకుంటే వదిన కళ్ళతోనే వెనక్కి పెట్టించేది. సన్నమూతి సీసాల్లో నూకలూ నిమ్మరసమూ పోసి మెల్లగా తిప్పాలి. ఇరుక్కుపోయిన మూతకి ఒక చుక్క నూనె వేసి మర్నాటి దాకా ఆగాలి, బలం చెయ్యకూడదు. ఈ బాధ తగ్గించుకోవడానికి వదిన కనిపెట్టిన ఉపాయం కిటికీలు మూసెయ్యడం. నేను కాపరానికి వెళ్ళేసరికే అవి మూసి ఉన్నాయి. రెక్కల సందుల్లో పాత చీరపేలికలు కుక్కి ఉండేవి. ఊళ్ళోకి సముద్రపు గాలి వచ్చే సాయంత్రాల్లో కూడా మా ఇంట్లో ఫాను గాలే. పగలు లైటు వేసుకుని బియ్యం ఏరుకునేవాళ్ళం. మా అమ్మాయి పుట్టాక నాకు ఆయాసం పట్టుకుంది. ఆ ఉక్కలో, ఆ మసిలో, ఊపిరి లోపలికి పోయినదే తప్ప బయటికి రానట్టుండేది. డాక్టరు నోట్లో కొట్టుకునే మందిచ్చి, ఇల్లు మారగలిగితే మారండమ్మా అన్నాడు.

మారడానికి ఇల్లు లేక కాదు. మా ఆయనది స్టీలు ప్లాంటులో ఉద్యోగం. టౌన్‌షిప్‌లో క్వార్టర్ ఇస్తామన్నారు. ఆయనతో చేరినవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఒకసారి ఆయన స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్ళాం. వీధి పొడుగునా చెట్లు, నాలుగు వైపులా కిటికీలు, పిల్లలు గోడకి బంతి కొట్టి ఆడుకుంటున్నారు. బంతి గోడకి తగిలినప్పుడల్లా నా గుండె ఝల్లుమనేది, అలవాటు కొద్దీ. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మనమూ పెట్టుకుందామా అని అడిగాను. ఆయన బయటికి చూస్తూ, "అప్పని ఒగ్గీసి ఎలాగెల్తాం? ఆ మనిసి ఇల్లు కదల్దు. ఈ సామానంతా ఏటి సేత్తాం?" అన్నాడు. డాక్టరు మాట చెప్పినప్పుడూ అదే జవాబు. మా అమ్మాయిని బళ్ళో వేసే ఏడాదీ అదే. ఆయన చెడ్డవాడు కాదు. తనని పెంచిన మనిషి, ఆమెకి ఇంకెవరున్నారు అని నాకూ తోచేది. అలా తోచినకొద్దీ నోరు మరింత మూసుకుపోయేది. పుట్టింటికి వెళ్ళి మా అమ్మ దగ్గర ఏడిస్తే, ఆడపడుచు కొడుతోందా, తిడుతోందా అని అడిగింది. రెండూ లేవు. మరేటే నీ బాధ అంది. గాజు అన్నాను. మా అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

కొన్నేళ్ళకి చివరి బీరువాలో కొన్ని సీసాలు మసకబారడం మొదలెట్టాయి. కంట్లో శుక్లం వచ్చినట్టు లోపల్నుంచే తెల్లగా కమ్ముకొచ్చింది. నూకలకీ పోలేదు, నిమ్మకీ పోలేదు. వదిన వాటిని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇది మురికి కాదు, జబ్బు అంది. గాజుకీ జబ్బు చేస్తుందట. మూసిన చోట చెమ్మ చేరి, గాలాడక దాని ఒళ్ళే కరుగుతుందట. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆ బీరువా తలుపులు తెరిచి కాసేపు గాలి పెట్టేది. కిటికీలు మాత్రం తెరిచేది కాదు. నేను ఆ పక్కనే పీట మీద కూర్చుని, మందు నోట్లో కొట్టుకుంటూ, గాలి తీసుకుంటున్న సీసాలని చూసేదాన్ని.

హుద్‌హుద్ వచ్చిన ఏడు మా అమ్మాయి అనకాపల్లిలో కాలేజీ హాస్టల్లో ఉంది. తుఫాను మన మీదికే వస్తోందని ముందే చెప్పారు. ప్లాంటులో మనుషులు కావాలని మా ఆయన ముందురోజే డ్యూటీకి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. తెల్లారేసరికి ఇంట్లో వదినా నేనూ. గాలి అరవడం మొదలెట్టింది. వెనక పెంకులు ఒకటొకటే లేచి వీధిలో పడుతున్న చప్పుడు. శ్లాబున్న గది అదొక్కటే గనక ఇద్దరం సీసాల గదిలో చేరి తలుపు వేసుకున్నాం. వదిన బీరువాల్లో సామాను సందుల్లో పాత చీరలు కుక్కుతోంది. అందించమంటే అందిస్తున్నాను. ఇంతలో సముద్రం వైపు కిటికీ రెక్క ఊడి లోపలికొచ్చి పడింది. వాన గుమ్మరించినట్టు ఆ పక్కనున్న బీరువా మీద పడుతోంది. అన్నిటిలోకీ మంచి గాజంతా ఆ బీరువాలోనే ఉంది. "పట్టుకో" అంది. ఇద్దరం కలిసి దాన్ని తడినేల మీద తలుపు వైపు లాగాం. నీళ్ళ మీద జారి అది తేలిగ్గానే వచ్చింది, మేము అనుకున్నదానికంటే తేలిగ్గా. తలుపు దగ్గరికొచ్చేసరికి చెదపట్టిన కాలు ఒకటి విరిగింది. బీరువా పక్కకి ఒరిగి తలుపుకి అడ్డంగా కూర్చుంది. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. ఇద్దరం ఎంత నెట్టినా బీరువా అంగుళం కదల్లేదు. కిటికీకి ఇనప చువ్వలు. అరిచినా వినేవాళ్ళు లేరు.

నా మందు వంటింట్లో ఉంది. ఆ సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది, వదినకి చెప్పలేదు. ఆ గదిలోనే ఉన్న వదిన మంచం మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మెల్లగా పీల్చి మెల్లగా వదలడానికి ప్రయత్నిస్తున్నాను. కాసేపటికి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ఎక్కడో కుక్క ఏడుస్తున్న చప్పుడు కూడా వినిపించింది. తుఫాను అయిపోయిందనుకున్నాను. వదిన తల అడ్డంగా ఊపి, మళ్ళీ వస్తాది, ఈసారి కొండ వైపునుంచి అంది. ఖాళీ చేస్తే గానీ బీరువా కదలదని, దాని తలుపులు తెరిచి ఒక్కొక్కటే తియ్యడం మొదలెట్టింది. తీసి, చీరముక్కలో చుట్టి, మంచం కింద పెట్టి, మళ్ళీ లేచి, ఇంకొకటి. ఎప్పటిలాగే రెండు చేతులతో, ఎప్పటిలాగే ఒక్కొక్కటే. నేను చూస్తున్నాను. నా ఛాతీలో పిల్లికూత మొదలైంది. ఆ కూత తనకి వినిపించకుండా ఉండదు. అయినా ఆ చేతులు తొందరపడలేదు. ఇన్నేళ్ళలో నేను ఆ మనిషిని ద్వేషించానంటే ఆ కాసేపే. నేనిక్కడ ఊపిరాడక పోతాను, ఈవిడ చివరి గ్లాసు చుట్టబెట్టాక నన్ను చూస్తుంది అనుకున్నాను.

గాలి తిరిగొచ్చింది. మొదటిసారి కంటే కోపంగా వచ్చింది. వెనకింటి కప్పులో పెద్ద భాగం ఏదో కూలింది, ఆ దుమ్మంతా తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చింది. నాకు దగ్గొచ్చి, దగ్గు మధ్యలో ఊపిరి అందక, మంచం మీద పక్కకి ఒరిగిపోయాను. వదిన చేతిలో ఒక నీలం జగ్గు ఉంది. చెక్కడపు పని, సన్నటి మెడ, తను ఎవరి చేతికీ ఇవ్వనిది. చుట్టబోతూ నా వైపు చూసింది. నా పెదాలని చూసిందనుకుంటాను, అవి నల్లబడ్డాయని తర్వాత చెప్పింది. ఒక్క క్షణం అలాగే నిలబడింది. జగ్గుని కింద పెట్టలేదు, వదిలేసింది. తర్వాత మోచేయి వంచి బీరువా అరలోకి పెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి ఊడ్చేసింది. కింది అర. దాని కింది అర. ఆ చప్పుడు నేను చెప్పలేను. గాలి అరుపు కూడా దాని ముందు వినిపించలేదు. కాళ్ళకి చెప్పుల్లేవు. ఆ గాజు మీదే నిలబడి, ఖాళీ బీరువాకి భుజం ఆనించి, మూలుగుతూ నెట్టింది. నేను లేవబోతే, నువ్వు కదలకు అంది. బీరువా వెనక్కి పడింది. తలుపు తెరుచుకుంది.

తనెలా వెళ్ళిందో, కూలిన పెంకుల్లో మందు ఎలా వెతికిందో నాకు తెలీదు. వచ్చి నా తల వెనక చెయ్యి పెట్టి లేపి, "నోరు తెరువు" అంది. తెరిచాను. మొదటిసారి కొట్టినప్పుడు పనిచెయ్యలేదు. రెండోసారికి కొంచెం లోపలికి పోయింది. మందు వేసినంతసేపూ నా వీపు రాస్తూ, పీల్చు, ఒదులు, పీల్చు, ఒదులు అని చిన్నపిల్లకి పాఠం చెప్పినట్టు చెబుతూ కూర్చుంది. నేల మీద తన పాదాల గుర్తులు ఎర్రగా, వాన నీళ్ళలో పల్చబడుతూ కనిపించాయి. నాకు ఊపిరి కుదురుకున్నాక గానీ తన కాళ్ళు తను చూసుకోలేదు. చూసుకుని, "అబ్బ" అంది, అంతే. ఆ చీరముక్కలతోనే నేను తన కాళ్ళు కట్టాను. కట్టడానికి ముందు ముక్కలు ఏరాను. వాటిలో ఒకటి నీలం. ఆ పాదం నుంచి దాన్ని తీస్తున్నప్పుడు ఇద్దరం దానివైపు చూశాం.

మా ఆయన మర్నాడు సాయంత్రం వచ్చాడు. దారి పొడుగునా చెట్లు పడిపోయి ఉంటే చాలా దూరం నడిచాడు. కప్పులేని ఇంట్లో, అక్క కాళ్ళకి కట్లు, నేలంతా గాజు. గుమ్మం పట్టుకుని అలాగే కూలబడ్డాడు. తర్వాత కరెంటు లేక, నీళ్ళు లేక, ఊరంతా మోడుల్లాంటి చెట్ల మధ్య బతికిన రోజులు అందరికీ తెలిసినవే. జాలరామె బుట్ట లేకుండా వచ్చింది. పడవ పోయింది, మనుషులు మిగిలారని చెప్పింది. వదిన కూర్చున్నచోటి నుంచే ఇంట్లో ఉన్న బియ్యం ఆమెకి పెట్టించింది. కప్పు బాగుచేయించడానికి మనుషులు దొరకలేదు. అప్పుడు మా ఆయన క్వార్టర్ మాట ఎత్తాడు, అది కూడా నాతో, గొంతు తగ్గించి. వంటింటి గోడ సగం పడిపోయి ఉండటంతో అవతలున్న వదినకి వినపడింది. "ఎప్పుడెల్దాం?" అని అడిగింది. అంతే. ఇన్నేళ్ళు కదలని కొండ ఒక ముక్కతో కదిలింది.

మిగిలిన గాజులో మంచివి కొన్ని చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ పంచి, కొద్దిగా మాతో తీసుకుని టౌన్‌షిప్‌కి వెళ్ళిపోయాం. అక్కడ వదిన పాత గాజు గ్లాసుల్లో రోజూ మజ్జిగ తాగేది, మాకూ అందులోనే ఇచ్చేది. నేను పట్టుకోడానికి భయపడితే, పగిల్తే పగుల్తాది, తాగు అనేది. కొన్ని నెలలయ్యాక మాత్రం ఏదో కూర తరుగుతూ ఉన్నట్టుండి, "ఆ నీలం జగ్గు ఒకటి మిగిలుంటే బాగున్ను" అంది. నాకు నవ్వొచ్చింది. తనూ నవ్వింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధి చూసేది. ఎవరి పిల్లలు ఎవరి గోడకి బంతి కొడుతున్నారో తనకే తెలుసు. ఒక సాయంత్రం ఆ కిటికీ దగ్గరే ఇద్దరం చిక్కుళ్ళు ఒలుస్తున్నాం. నాకు ఆయాసం తగ్గి చాలాకాలమైంది. ఆ తేలికలో, ఎన్నో ఏళ్ళుగా గొంతులో ఉన్న మాట ఏ కోపమూ లేకుండా బయటికొచ్చింది. ఇక్కడికి ముందే వచ్చేసుంటే ఎంత బాగుండేది వదినా, మీరు ఒప్పుకోలేదు గానీ అన్నాను.

వదిన చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"నానొప్పుకోలేదా? నన్నెవరడిగారు?"

మీరు ఇల్లు కదలరని ఆయన అన్నారు కదా అన్నాను.

"ఆడు నాతో ఎప్పుడూ అనలేదమ్మా. నాన్న కట్టిన ఇల్లని ఆడికి మమకారం, ఒగ్గి రాలేడనుకున్నాను. ఆడుండిపోతే నానెక్కడికి పోతాను? లేపోతే ఆ మసిలో నాకేటి పని?"

నా చేతుల్లో గింజలు చాటలోకి జారిపోయాయి. మరి ఆ గాజంతా అన్నాను. 

"ఇంట్లోంచి కదలడానికి లేనప్పుడు ఏదో ఒకటి చూసుకోవాలి కదా. అది దొరికింది" అంది. మళ్ళీ చిక్కుళ్ళు ఒలవడంలో పడింది. కాసేపయ్యాక, నా వైపు చూడకుండానే, "నీకూ ఆ ఇల్లు నచ్చిందనుకున్నాను. ఎప్పుడూ ఏటీ అనేదానివి కాదు" అంది.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక, అక్కని ఒక్కసారైనా అడిగారా అని అడిగాను. ఆయన చొక్కా విప్పుతూ ఆగిపోయి, నిజంగానే ఆలోచించాడు. "అడగాలేటి? తెలుస్తాది కదా" అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన మొహం చూసి నేను కంచాలు పెట్టడానికి వెళ్ళాను. భోజనాల దగ్గర ముగ్గురం మామూలుగానే మాట్లాడుకున్నాం. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అంటే, కాదు సరిపోయిందని వదిన నన్ను వెనకేసుకొచ్చింది.

ఆయన రిటైరయ్యాక ఆ క్వార్టర్ ఖాళీ చేసి పెందుర్తిలో ఈ ఫ్లాట్‌కి వచ్చాం. వదిన ఇక్కడే, పోయినేడు వానాకాలంలో, నిద్రలో పోయింది. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామని అప్పుడప్పుడు ఆ ఇంటిని తలుచుకుంటాను. కోపం తెచ్చుకోదగ్గ మనిషి ఒక్కరూ కనిపించరు. మసక వెలుతురులో ఒకళ్ళ కోసం ఒకళ్ళు కదలకుండా కూర్చున్న ముగ్గురు మంచివాళ్ళు కనిపిస్తారు. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు. మా గుమ్మం ముందు అది చాలా ఏళ్ళే ఆగింది, మేమే బయటికి రాలేదు.